నవ్వినోళ్ళకూ వాటా

మాది ఆదోని. వల వేసి పిట్టలు పట్టుకొని, అడవి కాయలు ఏరుకొని బతికిన కులం. ఎమ్మిగనూరులో నేను ఇంటర్ చదివేటప్పుడు, కాలేజీ వార్షికోత్సవానికి ‘ఆదిమానవుల జీవితం’ అని ఒక ప్రదర్శన పెట్టినారు. హిస్టరీ సార్ క్లాసులో నన్ను లేపి, “ఆకులు కట్టుకొని, మసి పూసుకొని నిలబడమ్మా. మీవాళ్ళ వేషమే కదా, నీకు బాగా కుదురుతుంది” అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది.

ఇంటికొచ్చి చెప్తే మా అవ్వ మండిపడింది. “మసి యాపొద్దు పూసుకుంటిమి మనం? పో, మనం ఎట్లుంటామో సూపించి రా!”

వార్షికోత్సవం రోజు యూనిఫాంలోనే స్టేజీ ఎక్కినాను. భుజాన అవ్వ వల, చేతిలో మేం కొండలో ఏరిన రేగిపండ్ల మూట.

“వేషం యాడ?” అని సార్ పళ్ళు కొరికినాడు.

“ఇదే సార్. మేం ఆదిమానవులం కాదు, ఇప్పటోళ్ళమే” అని మైకులోనే చెప్పినాను. కింద నుంచి ఒకటే ఈలలు. అయినా మూట విప్పి, పండ్లు కుప్పలు కుప్పలుగా పెట్టినాను.

“మాకు ఏది దొరికినా ముందు పంచుతాం. వేటకు రాలేని ముసలోళ్ళకూ వాటా ఉంటుంది, కడుపులో బిడ్డకూ ఉంటుంది. రాండి, నవ్వినోళ్ళకూ ఉంది!”

ఈలలు ఆగిపోయినాయి. ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. చివరి కుప్ప సార్‌ది. ఆయన మాత్రం రాలేదు.

పెట్టిన వాటా వెనక్కి తీసుకోవడం మా కులంలో లేదు. నేనూ తీయలేదు. ఇన్నేళ్ళయినా ఆ కుప్ప ఆయనదే.