చెల్లెలికి నేర్పిన జవాబు

మొన్న ఆదివారం మా బమ్రోలి గల్లీలో ఉండే ఒకావిడ, డిగ్రీ పూర్తయిన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నాలుగు రోజులు నేర్పమని అడిగింది. ఓపిక లేదని చెప్పి పంపేశాను. ఓపికకేం, బాగానే ఉంది. అసలు సంగతి నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు.

ఖటోదరాలో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. ఉద్యోగానికి వచ్చినవాళ్లను సేఠ్ ప్రశ్నలడుగుతుంటే పక్కన కూర్చొని రాసుకోవడం నా పని కాబట్టి, ఏ జవాబుకు ఆయన ముఖం విప్పారుతుందో, ఏ మాటకు చూపు గడియారం మీదికి పోతుందో నాకు కంఠతా వచ్చు. లాక్‌డౌన్‌లో ఆ కంపెనీ మూతపడింది, మరమగ్గాల సాంచెలు ఆగిపోయాయి, ఊళ్లకు వెళ్లినవాళ్లు వెళ్లగా మిగిలినవాళ్లు కొత్త పనుల కోసం తిరగసాగారు. అప్పుడే మా ముందుగదిలో, మాస్కులు కట్టించి, ఇద్దరేసి ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టాను. మా మరిది పద్దెనిమిదేళ్లు సాంచెలు నడిపినవాడు, నీకేం వచ్చని అడిగితే నేల చూస్తూ "నాకేం రాదు సార్" అనేవాడు. ఎనిమిది సాంచెలు ఒక్కడివే చూసుకుంటూ ఎక్కడ పోగు తెగినా ఇట్టే పట్టేవాడివి కదా, తలెత్తి అదే చెప్పమన్నాను. చెప్పాడు, గోదాములో సూపర్‌వైజరయ్యాడు. ఆ రోజుల్లో నాకు కాస్త గర్వం కూడా వచ్చింది, దాచుకోను.

రెండోసారి జబ్బు విరుచుకుపడినప్పుడు మా చెల్లెలి భర్త పోయాడు. కడసారి ముఖం కూడా సరిగా చూపించలేదు. ఇద్దరు పిల్లలు. నెల తిరక్కుండానే చెల్లెలు పని వెతుక్కోవడానికి బయలుదేరింది. వెళ్లిన రెండు చోట్లా, ఇంటాయన ఏం చేస్తాడని అడిగేసరికి దానికి మాట పెగల్లేదు. ముందు కుదుటపడు బెన్, తర్వాత చూద్దాం అని గుజరాతీలో ఓదార్చి పంపేశారు.

మూడోది చీరల ప్యాకింగ్ ఆఫీసు. ఈసారి జవాబు నేనే తయారుచేశాను. బొట్టు పెట్టుకో, నల్లపూసలు వేసుకో, ఆయన ఊళ్లో అత్తమామల దగ్గర ఉన్నాడని చెప్పు అన్నాను.

"గిట్ల ఎట్ల చెప్పాలె అక్కా? నా నోట్లకెంచి వస్తదా?"

"పిల్లల మొఖం చూసి చెప్పు. నౌకరి దొరికినంక ఎవరడుగుతరు?"

గొంతు వణక్కుండా వచ్చేదాకా ఆ ఒక్క మాటే మూడు రోజులు అనిపించాను. ఉద్యోగం వచ్చింది.

అడిగారు. కలిసి టిఫిన్ డబ్బాలు విప్పుకునే ఆడవాళ్లు మీ ఆయన ఎప్పుడొస్తాడని రోజూ అడిగేవారట, ఇది ఏదో ఒక నెల పేరు చెప్పేదట. నవరాత్రికి ఆ ఆఫీసు సేఠ్ భార్య పెళ్లయిన ఆడవాళ్లందరికీ గాజులిచ్చి పాపిట్లో సిందూరం పెట్టింది. చెల్లెలు అలాగే తిన్నగా మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"నౌకరి ఇప్పిచ్చినవ్ అక్కా. ఆయన పోయిండని ఏడ్వనీకె జాగ లేకుంట చేసినవ్."

నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను.

సంవత్సరీకం వచ్చింది. ఊళ్లో ఉన్న మనిషికి సంవత్సరీకమేమిటి, సెలవు ఏమని అడుగుతుంది? కొడుకు పెదనాన్న పక్కన కూర్చొని తండ్రికి పిండం పెడుతున్న వేళకు అది ఆఫీసులో చీరలు పెట్టెల్లో సర్దిస్తోంది. మర్నాడు సేఠ్ భార్య దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది. ఆవిడా కంటతడి పెట్టిందట. ముందే చెబితే కాదంటానా బెన్, అందట. ఉద్యోగం తీసెయ్యలేదు, అప్పటిదాకా దీని దగ్గరున్న గోదాము తాళాలు మాత్రం ఇంకొకామెకు అప్పగించింది.

ముందే చెబితే నిజంగా ఇచ్చేదా? అన్నేళ్లు మా పాత సేఠ్ పక్కన కూర్చున్న నాకే తెలియదు. తెలియకుండానే చెల్లెలి నోట ఆ మాట పెట్టాను. అప్పటితో నేర్పడం మానుకున్నాను.

పూర్వం ఆదివారాలు పిల్లలందరినీ వేసుకొని డుమస్ తీరానికి వెళ్లేవాళ్లం. టమాటా భజియాలు తింటూ, పంటినొప్పి మొదలుకొని అత్తగారి దెప్పుళ్ల దాకా చెల్లెలు వరసపెట్టి చెబుతుంటే, సముద్రపు హోరులో సగం వినపడక మళ్లీ చెప్పమనేదాన్ని. ఇప్పుడూ పండగలకు వస్తుంది. అడిగినదానికి జవాబిస్తుంది. తనంతట తాను ఏమీ చెప్పదు.