ముందుగా ఆ పిల్లను అడగవలసింది

తొంభైల మొదట్లో గద్వాల బడిలో నేను తొమ్మిదో తరగతి క్లాసు టీచర్ని. పరీక్షల భయం పట్టుకున్న పిల్లలందరికీ ఒకరోజు ధైర్యం చెప్పాను. అందరూ తేరుకున్నారు, ఒక్క నేతగాళ్ల అమ్మాయి తప్ప. మాట్లాడటం మానేసింది. అన్నం గిన్నె మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయేది.

గద్వాల చీరకు అంచు కలపాలంటే మగ్గం దగ్గర ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఆ పిల్ల ఎప్పుడూ వాళ్ల నాయనమ్మ పక్కన కూర్చునేది. బడి తెరవక ముందు, ఆ వేసవిలోనే ముసలామె పోయింది.

మా బడిలో ఒక మేడం కౌన్సెలింగ్‌లో శిక్షణ పొందారు. ఆమెకు సంగతి చెప్పాను.

"అందరికి చెప్పింది ఈమెకు సరిపోతలేదు సార్. ఒక్కదాన్నే కూసోబెట్టి వినాలె. ముందుగాల ఆమె ఒప్పుకుంటదా, అడుగుదాం."

చివరి మాట నా చెవికి ఎక్కలేదు. సాయంత్రమే వాళ్లింటికి పోయి, నాలుగు మగ్గాల నడుమ నిలబడి, పిల్ల మనసుకు వైద్యం కావాలని తండ్రితో చెప్పాను. మగ్గాలు ఆగిపోయాయి.

"పిచ్చి లేసిందా ఏంది సారు?" అన్నాడు ఎవరో. నవ్వులు. ఆ పిల్ల తల వంచుకుంది.

మర్నాటి నుంచి బడికి రాలేదు. ఇక మాన్పిస్తానని తండ్రి కబురు పంపాడు. నలుగురిలో గొప్పగా మాట్లాడాలన్న నా ఆరాటం ఆమె చదువుకే ఎసరు పెట్టింది.

మేడం మధ్యాహ్నం మగ్గాల దగ్గర ఎవరూ లేని వేళ చూసి వెళ్లి, ఆ పిల్ల పక్కన కూర్చున్నారట. చాలాసేపటికి ఆ పిల్లే అడిగిందట, తను చెప్పేవి ఎవరికైనా చెప్తారా అని. నువ్వు వద్దన్నది చెప్పనన్నారట మేడం.

"సారు గూడ ఉంటడా?"

"ఉండడు."

"గట్లయితె వస్త."

తండ్రిని ఒప్పించి ఆమెను మళ్లీ బడికి పంపేలా చేసింది కూడా మేడమే. వారానికోసారి సైన్సు గదిలో ఇద్దరూ కూర్చునేవారు. ఏం మాట్లాడుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. ఎవరూ లోపలికి పోకుండా నేను వరండాలో నిలబడేవాణ్ని. ఒకరోజు ఆ పిల్ల బయటికొచ్చి నా ముందు ఆగింది.

"మీరు గిట్ల కావలి ఉంటెనే అందరు సూస్తుండ్రు సార్. పోయి కూసోండ్రి."

అన్ని నెలల్లో నాతో ఆమె మాట్లాడటం అదే మొదలు. పోయి స్టాఫ్ రూములో కూర్చున్నాను.