కొండవాళ్ల కనుమ

ఒక వీడియోగేముల కంపెనీలో టెస్టర్‌గా పనిచేసే ఆవిడని అందరూ అక్కా అంటారు. రోజూ కళ్లజోడు తుడుచుకుని నాగరికతలు పోటీపడే ఆటలో ఒక్కో నాగరికత తరఫున ఆడి తప్పులు పట్టుకుంటుంది. కోపం ఆవిడకి ముక్కుమీదే ఉంటుంది గానీ గొంతులో వినిపించదు. మౌస్‌ని పక్కకి నెట్టి చేతులు కట్టుకుంటుంది. కొత్త వెర్షన్‌లో రేవుపట్నాల వాళ్లకి వ్యాపారంలో బోనస్, కొండవాళ్లకి దాడిలో మాత్రమే ఇచ్చారని చూసి అలాగే కూర్చుంది.

"మా తాతా కొండవాడే. కంచరగాడిదల మీద ఉప్పు కొండలు దాటించి అమ్మేవాడు. జన్మలో కత్తి పట్టలేదు," అంది.

"ఆటకి ఇది చాల్లే అక్కా," అన్నాడు డిజైనర్ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

ఆవిడ కొండవాళ్లని ఎంచుకుని, సరుకుల బిడారులు రేవులకి దిగే ఒకే ఒక్క కనుమదారినీ మూసేసింది. ముప్పై టర్నుల్లో అవతలి రేవులన్నిట్లో ఓడలు ఖాళీగా నిలబడిపోయాయి.

"ఒక్క బాణం కూడా వెయ్యలేదు. వ్యాపారం ఎవరిదో ఇప్పుడు రాయి," అని కీబోర్డు అతని ముందుకి తోసింది.