పత్తి గదిలో అంగారక యాత్ర

ఇవాళ చిలకలూరిపేట రోడ్డులో పత్తి లారీ వెనకాల వెళ్తుంటే దూదిపింజలు ఎగిరొచ్చి నా కళ్ళజోడు మీద వాలాయి.

మన ఈడువాళ్ళకు గుర్తుందా, అమ్మేదాకా పత్తిని ఇంట్లోనే, ముందుగది నిండా పోసేవాళ్ళు? ఆ కుప్ప మీద దూకుతూ అన్నయ్యా నేనూ అంతరిక్షంలో తేలడం సాధన చేసేవాళ్ళం. ఓసారి నాయనమ్మకు దొరికిపోయాం. నాన్నకు చెబుతుందని నేను అన్నయ్య వెనక్కి నక్కాను.

"పత్తి మాసిపోద్ది, దిగండర్రా! అట్టా ఎగిరి ఎక్కడికి ప్రయాణం?"

"అంగారకుడి మీదకి నాయనమ్మా, అందుకే తేలడం నేర్చుకుంటున్నాం. ఏడెనిమిది నెలలు పడుద్దంట," అన్నాడు అన్నయ్య.

"మరి తాగడానికి నీళ్ళు?"

"వాడిన నీళ్ళే శుభ్రం చేసుకుని తాగాలంట."

"ఛీ! మరి తిరిగి రావడం?"

"అదింకా ఎవరూ కనిపెట్టలేదు."

"సర్లే, ఆ తేలడమేందో చూద్దాం" అంటూ నాయనమ్మ కొంగు బిగించి, కుప్పెక్కి వెల్లకిలా పడింది. సగందాకా మునిగిపోయి పకపకా నవ్వింది.

"ఒరేయ్, తిరిగి రాకపోయినా పర్లేదురా, భలే ఉంది!"