మామ్మల వెనకాల డ్రమ్స్

మా బ్యాండుకి ఒక ఇంగ్లీషు పేరు ఉండేది. దాని అర్థం మా నలుగురిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. పెట్టినవాడు మా లీడ్ గిటారు. పాడేదీ వాడే, పోస్టరు గీసేదీ వాడే, ఆ పోస్టరులో అందరికంటే పెద్దగా కనపడేదీ వాడే. వాళ్లది శ్రీకాకుళం వైపు, నాన్న రైల్వేలో గార్డు, కాలనీలో మా వెనక వరసలోనే క్వార్టరు. బేసూ కీబోర్డూ వాయించే ఇద్దరూ అన్నదమ్ములు. లీడ్ గిటారు ఏమంటే దానికి తలూపడమే వాళ్ల అసలు వాద్యం. నాలుగోదాన్ని నేను. డ్రమ్స్ వాయించేదాన్ని.

రాష్ట్రం విడిపోయి రాయపూర్ రాజధాని అయిన కొత్త రోజులవి. ఊళ్లో ప్రతిదానికీ ఆ హోదా ఒంటబట్టింది. మా వీధి చివర సమోసాల బండివాడు కూడా బోర్డు మీద రాజధాని అని రాయించుకున్నాడు. రాజధానికి ఒక రాక్ బ్యాండు లేకపోతే ఎలాగని మేమూ అదే ఊపులో బయల్దేరాం. రాజధాని మాత్రం మా గురించి వాకబు చేయలేదు. వినాయక చవితి పందిళ్లవాళ్లకి సినిమా పాటల ఆర్కెస్ట్రా కావాలి. నిమజ్జనానికి ధుమాల్ కావాలి. లారీ మీద పెద్ద పెద్ద డోళ్లూ స్పీకర్లూ కట్టి వీధి అదిరిపోయేలా వాయించుకుంటూ పోతారు, అదీ ధుమాల్. అది వినపడితే చాలు, మా లీడ్ గిటారు రెండు చెవులూ మూసుకుని, వీళ్లకి సంగీతమంటే తెలియదనేవాడు. ధుమాల్ లారీ వెనక వీధి వీధంతా గంతులేసుకుంటూ పోయేది. మా వెనక కుక్క కూడా వచ్చేది కాదు.

అసలు మా బ్యాండు బతికిందే చర్చి పుణ్యాన. మాది కాకినాడ దగ్గర్నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్న రైల్వేలో గుమాస్తా, అమ్మ నర్సు. కాలనీ దాటాక ఉన్న తెలుగు చర్చిలో ఒక డ్రమ్ కిట్ ఉండేది. ఆదివారం ఆరాధనలో దాన్ని వాయించేది నేనే. చర్చిలో వాయిస్తే దేవుడి పని, బయట వాయిస్తే ఆడపిల్ల వేషాలు అని మా నాన్న ఎప్పుడో తేల్చేశారు. శనివారం మధ్యాహ్నాలు హాల్లో ప్రాక్టీసు చేసుకుంటామని పాస్టరు అయ్యగారిని అడిగితే ఆయన ఒకే ఒక్క షరతు పెట్టారు. శనివారం వాయించినవాళ్లంతా ఆదివారం కూడా రావాలి. అలా మా రాక్ వీరులు ముగ్గురూ, నుదుట బొట్లు తుడుచుకోకుండానే, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి కీర్తనలు వాయించేవారు. లీడ్ గిటారు వాళ్లమ్మ మొదట్లో మొహం మాడ్చుకుంది. క్రిస్మస్‌కి మా ఇంటి నుంచి కేకు డబ్బా వెళ్లాక కాస్త మెత్తబడింది.

చర్చిలో డ్రమ్స్ వాయించడమంటే ఏమిటో చెప్పాలి. ముందు వరసల్లో చాప మీద తెల్లచీరల మామ్మలు కూర్చునేవారు. పాట వాళ్లది. పుస్తకంలో ఎలా ఉన్నా, పాస్టరు గారు ఎలా ఎత్తుకున్నా, చివరికి వాళ్లు పాడినట్టే నడవాలి. ఒక మామ్మకి ఆయాసం, చరణం మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. ఇంకో మామ్మకి భక్తి పొంగితే పల్లవి మళ్లీ మళ్లీ ఎత్తుకునేది, చప్పట్లు జోరందుకునేవి. ఆవిడకి కళ్లనీళ్లొస్తే పాటంతా నెమ్మదించేది. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పాట ఒక దారి, డ్రమ్స్ ఒక దారి. అందుకని చిన్నప్పటి నుంచీ నా కళ్లు కర్రల మీద ఉండేవి కావు, మామ్మల భుజాల మీద ఉండేవి. భుజం లేచిందంటే ఊపిరి తీస్తోంది, ఆగాలి. దిగిందంటే అందుకోవాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, అలవాటైపోయింది.

మా లీడ్ గిటారుకి కూడా అదే వైద్యం చేశాను. వాడికి హుషారొస్తే పరిగెత్తేవాడు. సోలో వచ్చిందంటే ఇక పట్టాలు తప్పిన ఇంజనే. వేళ్లు అందని చోట మాత్రం నెమ్మదించి, కళ్లు మూసుకుని, అదేదో కావాలని చేసినట్టు తల విదిలించేవాడు. నేను వాడి భుజం చూసుకుంటూ వాడు ఉరికితే ఉరికేదాన్ని, ఆగితే ఆగేదాన్ని. పాట ఎప్పుడూ విడిపోలేదు. విడిపోలేదు కాబట్టి తాను తప్పడం లేదని వాడు గట్టిగా నమ్మాడు.

అంతలో ఊరి బయట మందిర్ హసౌద్ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బ్యాండుల పోటీ అన్నారు. పెద్ద స్టేజి, పెద్ద సౌండు, బయటి బ్యాండులు కూడా రావచ్చు. నాకు చర్చి గోడల బయట ఒక్కసారి వాయించాలని ఎంత ఆశో చెప్పలేను. నర్సింగ్ కాలేజీలో చేరే ముందు ఆ ఒక్కటీ అయిపోతే చాలనుకున్నాను. నాన్నతో వారాల తరబడి పోరాడాను. చివరికి అమ్మ తోడు వెళ్తేనే అని ఆయన దిగొచ్చారు. అమ్మ ఆస్పత్రిలో డ్యూటీ మార్పించుకుంది.

పోటీ ఇంకో వారం ఉందనగా లీడ్ గిటారు ప్రాక్టీసు అయ్యాక నన్ను పక్కకి పిలిచాడు. అన్నదమ్ములిద్దరూ వాడి వెనకాల నిలబడి నేల చూస్తున్నారు.

"ఏటంటే, నీ బీట్ స్థిరంగా ఉండట్లేదు. ఒకసారి తేజ్ అయిపోతాది, ఒకసారి ధీరే అయిపోతాది. అక్కడ జడ్జిలుంటారు కదా" అన్నాడు. కాస్త ఆగి అసలు సంగతి చెప్పాడు. "పైగా చుడీదార్లో ఆడపిల్ల కూర్చుంటే లుక్ రాదు. పోటీకి వేరే డ్రమ్మర్ని పెట్టుకున్నాం. బురా మత్ మాన్, ఏటీ అనుకోకు."

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి పరుగులన్నీ నేను మోస్తే, ఆ మోసిన మచ్చ నా బీటుకే అంటగట్టాడు. ఏదో అనబోయాను, ఏడుపొచ్చింది, ఆ ఏడుపు వాళ్ల ముందు ఏడవడం ఇష్టంలేక సైకిలెక్కి వచ్చేశాను. ఇంటికొచ్చి చెబితే నాన్న మొహంలో ఊరట కనపడింది. దానికి ఇంకా మండింది. అమ్మ మాత్రం, డ్యూటీ మార్పించుకున్నాను కాబట్టి ఎలాగైనా వెళ్దామంది.

కొత్త డ్రమ్మరు జుట్టు నడుం దాకా ఉంది. భిలాయ్‌లో మాస్టారి దగ్గర పద్ధతిగా నేర్చుకున్నవాడు. అతన్ని నేనేమీ అనను, అతనిది వంక పెట్టలేని చెయ్యి. గడియారం తప్పొచ్చు కానీ అతను తప్పడు. ఇబ్బందల్లా మావాడు అంతకుముందెప్పుడూ తప్పనివాడితో వాయించలేదు. ఉన్న రెండు మూడు ప్రాక్టీసుల్లోనూ కొత్తవాడికి మా పాటలు అలవాటు కాలేదని సర్దిచెప్పుకున్నారట.

అమ్మా నేనూ మిట్టమధ్యాహ్నం ఎండలో షామియానా కింద కూర్చున్నాం. మొదటి పాట మొదలైంది. రెండో చరణం దాకా బాగానే ఉంది. సోలో వచ్చింది, మావాడు ఉరికాడు, జుట్టబ్బాయి ఉరకలేదు. గిటారు ముందు పోతోంది, డ్రమ్స్ వెనక పోతున్నాయి. అన్నదమ్ములు ఒకరు ముందుకీ ఒకరు వెనక్కీ పోయారు, జీవితంలో మొదటిసారి ఇద్దరూ విడిపోయారు. మావాడు వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాడు. అతను తలొంచుకుని తన లెక్క తాను చూసుకుంటున్నాడు. పాట అయిపోయిందని గిటారు ఆగాక కూడా డ్రమ్స్ ఇంకా ఉన్నాయి. కుర్రాళ్లు ఈలలేసి కూర్చోమన్నారు. నాకు పట్టలేనంత నవ్వొచ్చింది, ఆ నవ్వు తప్పని ఇప్పటికీ అనుకోను.

ఒక్కో బ్యాండుకి రెండు పాటలు. జుట్టబ్బాయి కర్రలు అక్కడే పెట్టేసి, వీళ్లతో నావల్ల కాదని దిగిపోయాడు. లీడ్ గిటారు చెమటలు కక్కుతూ షామియానాలోకి వచ్చి మా కుర్చీల ముందు నిలబడ్డాడు.

"రా, ప్లీజ్. ఒక్క పాట బజాయించు. ఇజ్జత్ పోతంది" అన్నాడు.

నేను కదల్లేదు. కదలకూడదనే అనుకున్నాను. అమ్మ నా వైపు తిరిగింది.

"ఎక్కు. నేను డ్యూటీ మార్చుకుని వచ్చింది వీడి మొహం చూట్టానికేంటి?"

ఎక్కాను. చుడీదార్‌తోనే కూర్చున్నాను. ఆ కిట్ బేస్ డ్రమ్ తొక్కితే గుండెల్లో మోగింది. మా చర్చిది తొక్కితే డొక్కు డబ్బా చప్పుడే. ఎదురుగా అంతమంది. భయమేసింది, దానికంటే ఎక్కువ సంతోషమేసింది. కర్రలు కొట్టి పాట ఎత్తుకున్నాను. ఆ రోజు మాత్రం ఎవరి భుజాలూ చూడలేదు. సోలోలో మావాడు అలవాటుగా ఉరికాడు, నేను రాలేదు. వెనక్కి తిరిగి చూశాడు, నేను కదల్లేదు. ఒక్క క్షణం వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. తర్వాత వేళ్లు వెతుక్కుని నా దగ్గరికి వచ్చి చేరాడు. అన్నదమ్ములు వాడి వెనకే వచ్చారు. చివరిదాకా పాట నేను నడిపినట్టే నడిచింది. చప్పట్లు కొట్టారు. బహుమతి రాలేదు, మొదటి పాట వల్ల.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో లీడ్ గిటారు తెప్పరిల్లాడు. రెండో పాట తాను కంట్రోల్ చేయడం వల్లే నిలబడిందని అన్నదమ్ములకి వివరించాడు. వాళ్లు తలూపారు. మా బ్యాండు ఆఖరి ప్రదర్శన అదే.

ఆ ఆదివారం చర్చిలో కొత్త గర్వంతో మామ్మల్ని కూడా నా లెక్కలో నడపబోయాను. ఆయాసం మామ్మ కళ్లజోడు పైనుంచి నన్నొక చూపు చూసి, తనకి కావలసిన చోట ఆగి, తీరిగ్గా ఊపిరి తీసుకుంది. బుద్ధిగా ఆవిడ కోసం ఆగాను.

ఇప్పుడు నేనూ అమ్మలాగే నర్సుని. ఆదివారాలు డ్యూటీ లేకపోతే అదే డొక్కు కిట్ మీద వాయిస్తాను. లీడ్ గిటారుకి నయా రాయపూర్‌లో సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ఈ మధ్య తెలీబంధా చెరువు గట్టు మీద కుటుంబంతో కనపడ్డాడు. ఆదివారం సాయంత్రం కూడా మెడలో ఐడీ కార్డు వేలాడుతోంది. జుట్టు పల్చబడింది, నోరు పల్చబడలేదు. పక్కనున్న కూతురికి తన బ్యాండు రోజుల గురించి ఏకరువు పెట్టి, చివర్లో నన్ను పరిచయం చేశాడు.

"ఈ ఆంటీ వాళ్ల చర్చి నుంచే బేటా, మేం డ్రమ్స్ తీసుకునేవాళ్లం."

పిల్ల నన్ను చూసింది. పదేళ్లుంటాయి. గట్టు ఇనప కమ్మీ మీద వేళ్లతో ఏదో దరువు వేస్తూనే ఉంది. అచ్చం తండ్రిలాగే ఉరుకుతోంది. పక్కన కమ్మీ మీదున్న నా వేళ్లు నాకు తెలియకుండానే దాని వెంట పడ్డాయి. గమనించి ఆపేశాను. మళ్లీ నెమ్మదిగా, నా లెక్కలో మొదలుపెట్టాను. పిల్ల ఒక్క క్షణం తడబడి, నా వేళ్లు చూసి, వచ్చి కలిసింది.

"డ్రమ్స్ చర్చివమ్మా" అన్నాను. "వాయించింది నేను."

వాళ్ల నాన్న చెరువులో బోట్ల వైపు చూశాడు.