ఈల మేస్త్రీ

మా ఆయన పిరికివాడు. ఈ మాట నేనంటే తప్పుగానీ ఊరంతా అంటుంది. తాపీ మేస్త్రీ అయ్యుండి, రెండో అంతస్తు గోడ కట్టమంటే కళ్ళు తిరుగుతున్నాయంటాడు. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడతాడు. యుద్ధం మొదలయ్యాక ఇక చెప్పక్కర్లేదు. విమానం చప్పుడు మా చెవిన పడకముందే మనిషి మంచం కింద ఉంటాడు.

ఇలాంటివాణ్ణి సహాయ దళంలోకి ఎందుకు తీసుకున్నారయ్యా అంటే, భయపడ్డానికే తీసుకున్నారు. మేం పన్నెండుమందిమి, అందరం జీతం లేనివాళ్ళమే. దళానికి పెద్ద ఒక బస్సు డ్రైవరు. నేను బట్టలు కుట్టేదాన్ని. పుల్లలా ఉంటాను కాబట్టి కూలిన ఇళ్ళలో ఇరుకు సందుల్లోకి దూరే పని నాది. మా ఆయన పని బయట. ఇంకా నిలబడి ఉన్న గోడలో పగులు వెతికి, దానికి అడ్డంగా ఒక సన్నటి గాజు ముక్క సిమెంటుతో అతికించి, ఎదురుగా కూర్చుంటాడు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు టక్కున విరుగుతుంది. విరిగిందా, ఈల. ఈల వినపడితే చేతిలో ఉన్నది వదిలేసి అందరూ బయటికి రావాలి. చిక్కుకున్న మనిషిని కూడా వదిలేసి. ఎందుకు ఊదావని అడగకూడదు. ధైర్యం ఉన్నవాడైతే ఇంకో నిమిషం చూద్దామనుకుంటాడు, అలాంటివాడు మనకొద్దు అన్నాడు డ్రైవరు.

ఆ రోజు పొద్దున్నే బాంబు పడి ఒక మూడంతస్తుల ఇల్లు కూలింది. మెట్ల కింద ఒక నర్సు చిక్కుకుంది. డ్యూటీ దిగి వచ్చి అప్పుడే పడుకుందట. నేను పాక్కుంటూ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాలి మీద చెక్క దూలం పడి ఉంది.

"నన్ను వదిలేసి పోవుగా?" అంది.

"పిచ్చిదానా, ఎక్కడికి పోతాను!" అన్నాను. రంపం దూలం మీద పెట్టానో లేదో, ఈల.

ఆమె వేళ్ళు విడిపించుకుని వెనక్కి పాకాను. ఆమె అరుస్తూనే ఉంది. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఆగాలని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

అందరం రోడ్డవతల చేరి గోడ కేసి చూస్తున్నాం. కూలలేదు. గాజు ముక్క చెక్కుచెదరకుండా ఎండకి మెరుస్తోంది.

"విరగలేదుగా!" అన్నాను.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "పైనుంచి మట్టి రాలింది" అన్నాడు. మళ్ళీ తనే, "కాదు. ఏమీ రాల్లేదు. రంపం చప్పుడు వినపడేసరికి, నువ్వు లోపలున్నావని గుర్తొచ్చింది. అంతే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వేరేవాళ్ళుంటే గాజు చూస్తారు, నేనుంటే నన్ను చూస్తారా? ఆ పిల్ల అరుపులు మీకు వినపడుతున్నాయా?"

డ్రైవరు ఆయన మెళ్ళోంచి ఈల తీసి తన మెళ్ళో వేసుకున్నాడు. "నేను చూస్తా. నువ్వెళ్ళమ్మా."

వెళ్ళాను. సగం దూరం పాకాక కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏడాదిగా ఇలాంటి సందుల్లో దూరుతున్నాను, ఎప్పుడూ ఇంత భయం వెయ్యలేదు. నాకు ధైర్యం ఎక్కువ అనుకునేదాన్ని. నా వంతు భయం కూడా బయట మా ఆయనే పడేవాడని అప్పుడు తెలిసింది. డ్రైవరుకి భయమంటే ఏంటో తెలీదు, తూటాల మధ్య బస్సు నడిపిన మనిషి. నా నెత్తిన మూడంతస్తుల బరువుంది. అవతల నర్సు గొంతు సన్నబడిపోతోంది.

"అన్నా! ఈల ఆయనకిచ్చెయ్!" అని అరిచాను.

"బుద్ధుందా నీకు? మళ్ళీ ఊదేస్తాడు!"

"ఊదితే ఊదనీ. అది ఆయన దగ్గర లేకపోతే నేను ముందుకి కదల్లేను."

కాసేపటికి మా ఆయన గొంతు వణుక్కుంటూ వచ్చింది. "నా దగ్గరే ఉంది. గాజే చూస్తున్నా. వెళ్ళు."

దూలం తెగడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండుసార్లు విమానాలు మీదుగా వెళ్ళాయి. ఒకసారి పక్కవీధిలో బాంబు పడి నా వీపు మీద ఇసుక రాలింది. ప్రతిసారీ చెవులు రిక్కించి ఆగాను. ఈల మోగలేదు. నర్సుని చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ వెలుతుర్లోకి వచ్చాను. కాలు విరిగింది గానీ మనిషి బతికింది.

మేం బయటపడ్డది కూడా మా ఆయన చూళ్ళేదు. ఈల గుప్పిట్లో ఉంది, కళ్ళు గాజు మీదే ఉన్నాయి. ఊదకుండా ఉండడానికి కింది పెదవి ఎంతలా కొరుక్కున్నాడో, నెత్తురు చొక్కా దాకా కారింది.

"ఏమండీ, వచ్చేశాను" అన్నాను.

వినపడలేదు. భుజం పట్టుకుని కుదపాల్సి వచ్చింది.