ఎత్తిపొడుపుకూ జవాబుంటుంది

2011 వేసవిలో శంషాబాద్ విమానాశ్రయం పక్కన, విమానాలకు భోజనాలు పంపే ఒక వంటశాలకు నన్ను యాక్షన్ లెర్నింగ్ కోచ్‌గా పంపారు. ఈ పద్ధతిలో ఐదారుగురు తమ అసలు సమస్యను ముందేసుకుని కూర్చుంటారు. ఒకరినొకరు ప్రశ్నలు అడగాలి. అడిగితే తప్ప ఎవరూ ఏమీ చెప్పకూడదు. కోచ్ పరిష్కారం చెప్పడు. గుంపు దారి తప్పుతోందనిపిస్తే ఆపి, తానూ ఒక ప్రశ్నే వేస్తాడు.

అక్కడి సమస్య ఆలస్యం. భోజనాల ట్రాలీలు విమానాలకు వేళకు అందేవి కావు. వాటిని సిద్ధం చేసి పంపే సూపర్‌వైజర్ యాదగిరిది పాల్మాకుల. బండిలో తీసుకెళ్లి విమానంలోకి ఎక్కించే సూపర్‌వైజర్ జహంగీర్‌ది శంషాబాదే. తప్పు నీదంటే నీదని ఇద్దరూ వాదులాడుకునేవారు. సమావేశాలు ముగిసేలోగా ఆలస్యం ఆగకపోతే జహంగీర్‌ను ఆ పని నుంచి తీసేస్తానని మేనేజరు ముందే చెప్పేశాడు.

ప్రశ్నలే అడగాలన్న నియమం వాళ్లకు పండగైంది. "నీ గడియారం నడుస్తదా, గోడకు అందానికి పెట్టినవా?" అని జహంగీర్. "నీ బండికి ఇంజన్ ఉన్నదా, ఎడ్లు గుంజుతయా అన్నా?" అని యాదగిరి. గదంతా నవ్వులు. నాకు నచ్చలేదు. ఎత్తిపొడుపులు వద్దు, మర్యాదగా అడగండి అన్నాను. రెండో సమావేశంలో అందరూ ఎంతో మర్యాదగా చాయ్ తాగి, బిస్కెట్లు తిని వెళ్లిపోయారు.

మూడోసారి జహంగీర్ ఆగలేకపోయాడు. "నా బండి ఎక్కి సూసినవా ఎన్నడన్న?" అని అరిచాడు. ఆపడానికి నేను చెయ్యెత్తాను.

ఆ క్షణంలో గుంపును నేనే మలుపు తిప్పానని తర్వాత కొత్త కోచ్‌లకు ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. అది నిజం కాదు. ట్రేలు సర్దే విభాగం చూసుకునే లక్ష్మక్క నా చెయ్యి దించించింది. "జర ఆగుండ్రి సారూ. అన్న అడిగిండు గద, జవాబు రానియ్యుండ్రి" అంది.

యాదగిరి తల గోక్కున్నాడు. "లే, ఎక్కలే. నువ్వు పిలిస్తివా ఎన్నడన్న?"

జహంగీర్ నవ్వేశాడు. "పిలిస్తే వస్తవా?"

"చాయ్ తాపిస్తే ఎందుకు రాను?"

మర్నాడు యాదగిరి విమానాశ్రయం లోపలికి పాస్ రాయించుకుని ఆ బండిలోనే విమానం దాకా వెళ్లాడు. అప్పుడు తెలిసింది అతనికి, తన మనుషులు ట్రాలీలను తయారైన వరసలో బండిలోకి తోసేస్తున్నారని. విమానంలోకి ముందు ఎక్కాల్సినవి మిగతావాటి వెనక చిక్కుకునేవి. జహంగీర్ మనుషులు ఎండలో అన్నీ దించి మళ్లీ సర్దుకునేవారు.

"గింత పరేషాన్ అయితున్నవని జెప్పొద్దా?" అన్నాడట యాదగిరి.

"జెప్తే ఇన్నవా?" అన్నాడట జహంగీర్.

వంటశాలలోనే వరస మార్చారు. ఆలస్యం ఆగింది, జహంగీర్ ఉన్నచోటే ఉన్నాడు. ఆఖరి సమావేశానికి అతని ఇంటి నుంచి డబ్బా నిండా ఖుబానీ కా మీఠా వచ్చింది. "గిది గూడ ఆలస్యంగనే తెస్తివేంది?" అని యాదగిరి అడిగాడు. ఈసారి అందరికంటే ముందు నవ్వింది నేనే.

ప్రశ్నలో కారం ఎంతుందో కొలవడం కోచ్ పని కాదు. దానికి జవాబు వచ్చిందో లేదో చూడడం కోచ్ పని. ఆ రోజు ఆ పని చేసింది లక్ష్మక్క.